లాగడం ఆఖరి పని



సీతంపేట కొండల్లో ఉండేవాడికి సముద్రపు ఓడలతో ఏం పనని మీరు అడగవచ్చు. దానికి కారణం మా విద్యార్థులు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డంగా ఇరుక్కుపోయింది కదా. ఫోనులో ఆ బొమ్మ చూసినవాడొకడు ఫిజిక్స్ క్లాసులో లేచి, "అన్ని టగ్గులున్నాయి కదా సార్, అన్నీ కట్టి ఒక్కసారి లాగితే రాదా?" అన్నాడు. పెద్ద ఓడల్ని రేవులోకి తెచ్చి, మళ్లీ బయటికి పంపే బలమైన చిన్న పడవే టగ్గు. ప్రశ్న మంచిదే. వానాకాలం దోనుబాయి దారిలో అనాసపళ్ల లారీ దిగబడితే మనవాళ్లు చేసేదీ అదే. ముందు తాడు కోసం పరిగెత్తుతారు. తాడు తెగాక పళ్లు దించుతారు. ఓడ దగ్గర ఈ వరస తిరగబడాలి. అక్కడ లాగడం ఆఖరి పని. దానికి ముందు రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నడిచేదే అసలు పని. ఇవాళ చెప్పబోయేది దాని గురించే.

మన దగ్గరి కథతోనే మొదలుపెడతాను. 2020 అక్టోబరులో బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం పట్టి, 13వ తేదీ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది. విశాఖపట్నం రేవు బయట లంగరేసుకుని ఉన్న ఓడల్లో 'మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి. పొడవు 80 మీటర్లు. ఓడల్లో చిన్నదనే చెప్పాలి. ఆ గాలికి దాని లంగరు నిలవలేదు.

లంగరు బరువే ఓడను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆపేది దాని కొక్కేలు నేలలో పాతుకున్న పట్టు. ఆ పట్టు ఉండాలంటే గొలుసు కొంత దూరం అడుగున పడుకుని, లంగరును అడ్డంగా లాగుతుండాలి. పెనుగాలిలో ఓడ వెనక్కి గుంజుతుంటే గొలుసు నేల నుంచి లేచి బిగుసుకుంటుంది. అప్పుడు లాగుడు పైకి మళ్లి కొక్కెం ఊడుతుంది. ఇక ఆ లంగరు అడుగున గీసుకుంటూ ఓడ వెంట రావడమే. 'మా' అలాగే కొట్టుకొచ్చి, కైలాసగిరి కింద తెన్నేటి పార్కు ముందున్న బండల మీద ఆగింది. అందులో ఉన్న 15 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. తెల్లారేసరికి బీచి రోడ్డు మీద తిరునాళ్లంత జనం. కరోనా రోజులు కూడా ఆపలేకపోయాయి.

ఆ జనంలోనూ అందరిదీ మా కుర్రాడి ప్రశ్నే అయి ఉంటుంది. పక్కనే రేవు ఉంది, టగ్గులున్నాయి, నేవీ ఉంది, ఈపాటి ఓడను లాగలేరా అని. ఒక చిన్న లెక్క చెబుతాను. కాగితం అక్కర్లేదు, వింటూంటే చాలు.

ఓడ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోసి తేలుతుంది. ఇది తొమ్మిదో తరగతి పాఠమే. నేల తగిలి ఓడ కాస్త పైకి లేచిందంటే, అంత మేరకు దాన్ని నీరు మోయడం మానేసింది, నేల మోస్తోంది. 200 మీటర్ల సరుకు ఓడ ఒకటి అనుకుందాం. అది నీళ్లలో ఒక్క సెంటీమీటరు దిగాలంటే దాదాపు 50 టన్నుల సరుకు ఎక్కించాలి. ఆ ఓడ నేలెక్కి, మామూలుగా తేలే మట్టం కంటే ఒక మీటరు పైన కూచుంది. అంటే వంద సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 50 చొప్పున 5,000 టన్నుల బరువు నేల మీద ఉంది. ఇక రాపిడి సంగతి. అడుగున బురద ఉంటే ఆ బరువులో నాలుగో వంతు బలంతో లాగితే కదులుతుంది. ఇసుక అయితే మూడో వంతు కావాలి. బండరాయి అయితే దాదాపు ఆ బరువంతా, ఒక్కోసారి అంతకు మించీ కావాలి. మన ఓడకు ఇసుక మీద సుమారు 1,700 టన్నుల లాగుడు, బండ మీద 5,000 టన్నులు.

రేవులో తిరిగే మంచి టగ్గు లాగే బలం 60 టన్నులు ఉంటుంది. కాబట్టి ఇసుక మీద దాదాపు ముప్పై టగ్గులు, బండ మీద ఎనభైకి పైన. అన్నింటిని ఒక ఓడకు కట్టే చోటే ఉండదు. కట్టినా అంత బలానికి ఓడ మీద తాళ్లు చుట్టే ఇనుప దిమ్మలే వేళ్లతో సహా ఊడివస్తాయి.

ఇప్పుడు అదే ఓడను ఏదో విధంగా 60 సెంటీమీటర్లు నీళ్లలో తేలనిచ్చామనుకోండి. 3,000 టన్నులు మళ్లీ నీటి మీదికి పోయాయి. నేల మీద మిగిలింది 2,000. ఇసుక మీద పన్నెండు టగ్గులు చాలు. ఇంకో 20 సెంటీమీటర్లు సంపాదిస్తే ఆరు చాలు. ఒక్కో సెంటీమీటరుకు అంత విలువ. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు వచ్చీ రాగానే తాడు బయటికి తీయరు. ఓడ చుట్టూ చిన్న పడవలో తిరిగి ఎక్కడెక్కడ ఎంత లోతుందో కొలుస్తారు. గజ ఈతగాళ్లను దింపి అడుగు భాగాన్ని తడిమి చూస్తారు. ఎక్కడ చిల్లుంది, ఎక్కడ రాయి గుచ్చుకుంది, ఏ ట్యాంకులోకి నీరు వచ్చింది, అన్నీ రాసుకుంటారు. చిల్లుపడ్డ ఓడను ఉన్నపళాన లోతు నీళ్లలోకి లాగితే అక్కడ మునుగుతుంది. ఒడ్డున పడి ఉన్న ఓడ సమస్య ఒక రకం, రేవు దారిలో మునిగిన ఓడ సమస్య ఇంకో రకం. రెండోది పది రెట్లు.

ఆ సెంటీమీటర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? మొదటి దారి చంద్రుడిది. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం పోటు పెరుగుతుందని మన జాలర్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ విశాఖ తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య తేడా రెండు మీటర్లకు లోపే. గుజరాత్‌లో అలంగ్ దగ్గర అది పది మీటర్ల దాకా ఉంటుంది. అందుకే అక్కడ పాత ఓడల్ని పెద్ద పోటు మీద కావాలనే ఒడ్డుకు ఎక్కించి ముక్కలు చేస్తారు. మన తీరానికి అంత ఉదారమైన సముద్రం లేదు.

ఇక్కడే 'మా' కష్టం ఉంది. ఆ నెల అమావాస్య 16వ తేదీన, అంటే ఓడ ఒడ్డెక్కిన మూడు రోజులకే. వినడానికి మంచి అవకాశంలా ఉంటుంది. కానీ ఓడను బండల మీదికి ఎక్కించింది ఒక్క పోటు కాదు. పోటు, దాని మీద వాయుగుండం గాలి ఒడ్డుకు తోసిన నీరు, ఆ పైన తుపాను అలలు. మూడూ కలిసిన ఎత్తు మీద అది వచ్చింది. గాలి పోయాక మిగిలేది పోటు ఒక్కటే. ఆ ఎత్తు మళ్లీ రావాలంటే మళ్లీ తుపానే రావాలి. ఆ తుపానులో లాగే పని ఎవడూ పెట్టుకోడు.

రెండో దారి బరువు తగ్గించడం. సరుకు దించడం, ఇంధనం తోడడం, అడుగు ట్యాంకుల్లోని నీరు బయటికి పంపడం. నిండు ఓడ ఇరుక్కుంటే ఈ దారి ఉంటుంది. ఖాళీ ఓడకు ఉండదు. పైగా ఖాళీ ఓడ తేలిక, నీళ్లలో కొద్దిగానే దిగి ఉంటుంది, ఎత్తుగా నిలబడి గాలికి తెరచాపలా పనిచేస్తుంది. కాబట్టి తుపాను దాన్ని నిండు ఓడకంటే ఎంతో పైకి, ఒడ్డు లోపలికి తెచ్చి పడేస్తుంది. ఖాళీదే కదా, తేలిగ్గా వస్తుందనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే గోడ ఇదే.

2012 అక్టోబరు 31న నీలం తుపానులో చెన్నైలో ప్రతిభా కావేరి అనే చమురు ఓడ ఇలాగే లంగరు జారి, ఎలియట్స్ బీచి దగ్గర ఒడ్డెక్కింది. అప్పుడు అది ఖాళీగానే ఉంది. అక్కడ అడుగున ఇసుక. నవంబరులోనే దాన్ని లాగేశారు, రెండు వారాలు కూడా పట్టలేదు. విశాఖలో బండ. చెన్నైలో వారాలైతే విశాఖలో ఏళ్లు. రెండింటి మధ్య తేడా అంతా ఓడ కింద ఏముందన్నదే. అయితే చెన్నై కథలో ఒక బాధ ఉంది. ఓడ కొట్టుకుపోతుంటే భయపడి కొందరు లైఫ్‌బోటు దించుకుని దిగారు. అలలకు అది తిరగబడి వారిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఓడ మీదే ఉండిపోయినవాళ్లు బతికారు. ఇసుకలో కూరుకున్న ఓడ చూడ్డానికి ఎంత భయంకరంగా ఉన్నా, తుపానులో చిన్న పడవ కంటే అదే నయం.

ఇంకో వింత చెబుతాను. కొన్నిసార్లు ఓడను రక్షించడానికి వచ్చినవాళ్లు ముందుగా దానిలోకి నీళ్లు నింపుతారు! అల వచ్చిన ప్రతిసారీ తేలికైన ఓడ కాస్త లేచి, మళ్లీ నేలకు దభీమని పడుతుంది. గంటకు కొన్ని వందల దెబ్బలు. రెండు రోజులు అలా దంచితే అడుగు రేకు ఎంత మందంగా ఉన్నా చిరుగుతుంది. అంతేకాదు, ప్రతి అలా దాన్ని ఇంకొంచెం ఒడ్డుకు జరుపుతుంది. అందుకని ట్యాంకులు నింపి, బరువు పెంచి, ఉన్నచోట కదలకుండా కూచోబెడతారు. పంపులు, టగ్గులు, తాళ్లు అన్నీ చేరి మంచి పోటు వచ్చిన రోజున ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా తోడేస్తారు. మొదటి రోజు పని దాన్ని విడిపించడం కాదు, కదలకుండా పట్టి ఉంచడం. గట్టు మీద చూసే జనానికి మాత్రం వీళ్లు ఓడను ముంచుతున్నారేమో అనిపిస్తుంది.

ఇక తాడు. అల మీద ఎగిరిపడే టగ్గుకూ, ఒడ్డున బిగుసుకున్న ఓడకూ మధ్య నేరుగా లావు తాడు వేయడం కుదరదు. ముందు సన్నని దారం లాంటిది తుపాకీతో పేల్చి ఓడ మీదికి విసురుతారు. ఓడ మీది మనుషులు దాన్ని లాగితే దాని చివర వేలంత తాడు వస్తుంది. దాన్ని లాగితే చేయంత తాడు. ఆఖరికి తొడంత మోకో, ఉక్కు తాడో వస్తుంది. ఓడ మీద కరెంటు పోయి ఉంటే మర ఉండదు, ఇదంతా చేతులతోనే. లాగుడు మొదలయ్యాక ఆ తాడు దగ్గర ఎవరూ నిలబడకూడదు. బిగుసుకున్న తాడు తెగితే రెండు కొసలూ వెనక్కి కొట్టే దెబ్బకు మనిషి రెండు ముక్కలవుతాడు. చప్పుడు వినేసరికే అంతా అయిపోతుంది.

సరే, మా కుర్రాడి సూయజ్‌కు వద్దాం. ఎవర్ గివెన్ పొడవు 400 మీటర్లు, వెడల్పు 59. మీద 18,300 కంటైనర్లు. సిబ్బంది 25 మంది, అందరూ భారతీయులే. మార్చి 23న ఇసుక గాలి మధ్య దాని ముక్కు ఒక గట్టుకు, తోక ఇంకో గట్టుకు తగిలాయి. ముక్కు కింద ఉబ్బుగా ఉండే భాగం గట్టులోకి దూసుకుపోయింది. అంత ఓడ ఒక సెంటీమీటరు లేవాలంటే సుమారు 200 టన్నులు తగ్గాలి. ట్యాంకుల్లోంచి 9,000 టన్నుల నీరు తోడామని కాలువ అధికారులు చెప్పారు. మన లెక్కన అది 45 సెంటీమీటర్లు. మరోపక్క మష్హూర్ అనే డ్రెడ్జరుతో ఓడ చుట్టూ తవ్వకం. సుమారు 30,000 ఘనపు మీటర్ల ఇసుక, మట్టి తీశారు. గట్టు మీద ఒంటరిగా తవ్వుతున్న చిన్న ప్రొక్లెయినర్ బొమ్మ చూసి ప్రపంచమంతా నవ్వింది. నవ్వదగ్గదేం కాదది. మట్టి తీయడమంటే రాపిడి తీసేయడమే, టగ్గు చేసే పనిలో సగం అదే చేసింది.

ఇదంతా జరిగాక వచ్చాయి పెద్ద టగ్గులు. డచ్చి టగ్గు ఆల్ప్ గార్డ్ ఒక్కటే 285 టన్నుల బలంతో లాగుతుంది. మార్చి 28న ఫాల్గుణ పౌర్ణమి. ఆ పెద్ద పోటు మీద 29వ తేదీ తెల్లవారుజామున తోక కదిలింది, మధ్యాహ్నానికి ముక్కు వదిలింది. కంటైనర్లు దించడానికి కూడా సిద్ధపడ్డారు, అవసరం రాలేదు. ఆరు రోజులూ పేపర్ల నిండా టగ్గులే. పున్నమి ముందే తవ్వి, తోడి పెట్టుకోకపోతే ఆ టగ్గులు నాలుగు రోజులు అదనంగా ఆయాసపడేవి తప్ప ఓడ కదిలేది కాదని నా నమ్మకం.

అన్ని ఓడలూ అలా బతకవు. 2020 జులై 25న మారిషస్‌లో వకాషియో అనే జపాన్ ఓడ పగడపు దిబ్బ ఎక్కింది. మారిషస్ మనకు పరాయి దేశమేం కాదు. కూలి ఒప్పందాల కాలంలో కోరంగి రేవు నుంచి, ఉత్తర కోస్తా ఊళ్ల నుంచి వెళ్లినవారి మునిమనవలు అక్కడున్నారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. ఆ ఓడ కూడా ఖాళీదే. సరుకు లేదు గానీ దాని సొంత ఇంధనం దాదాపు 4,000 టన్నులుంది. సెల్‌ఫోను సిగ్నల్ కోసం ఒడ్డుకు దగ్గరగా నడిపారని తర్వాత జపాన్ విచారణలో తేలింది. పన్నెండు రోజులు అలలు దంచాక చమురు కారడం మొదలైంది. వెయ్యి టన్నులు సముద్రం పాలైంది. ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా ఊళ్లవాళ్లు చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కుట్టి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి, తేలే కట్టలు చేసి చమురుకు అడ్డం వేశారు. మిగిలిన చమురులో ఎక్కువ భాగం తోడాక, ఆగస్టు 15న ఓడ రెండు ముక్కలైంది. ఆ పనుల్లోనే ఆ నెలాఖరున ఒక టగ్గు మునిగి దాని సిబ్బందిలో కొందరు చనిపోయారు. అందుకే ఇప్పుడు ఎక్కడ ఓడ ఒడ్డెక్కినా మొదట తీసేది చమురే. విశాఖలోనూ ముందు చూసుకున్నది అదే.

ఇంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? వందేళ్లకు పైగా ఈ వృత్తిలో ఒక ఒప్పందం నడుస్తోంది. దాని పేరు లాయిడ్స్ ఓపెన్ ఫారం. ఓడ తేలితేనే డబ్బు, తేలకపోతే పైసా ఇవ్వనక్కర్లేదు. తేలాక ఓడ విలువ, సరుకు విలువ, పడ్డ ప్రమాదం చూసి కూలి కడతారు. సరుకు నిండిన ఎవర్ గివెన్‌కి ప్రపంచం నలుమూలల నుంచీ పరిగెత్తుకొచ్చారంటే ఆశ్చర్యమేముంది? తేలాక కూడా సూయజ్ అధికారులు పరిహారం తేలేదాకా, జులై 7 వరకు దాన్ని వదల్లేదు. అదే పాత, చిన్న, ఖాళీ ఓడ అయితే? రక్షించే ఖర్చు ఓడ విలువను దాటిన రోజున యజమాని చేతులు దులుపుకుంటాడు. ఆ రోజు నుంచి అది ఇంజనీర్ల చేతిలోంచి జారి వకీళ్ల చేతిలో పడుతుంది.

గోవాలో రివర్ ప్రిన్సెస్ అనే ఓడ 2000 జూన్‌లో కాండోలిమ్ బీచిలో ఇసుకెక్కింది. టెండర్లు, కోర్టులు, వాయిదాల మధ్య పన్నెండేళ్లు అక్కడే ఉంది. ఏటేటా కడుపులో ఇసుక నిండింది, పక్కనున్న ఒడ్డు కోసుకుపోయింది. మొదటి నెలలో కొన్ని టగ్గులతో పోయేది, చివరికి ముక్కముక్కలుగా కోసి మోయాల్సి వచ్చింది. ఇలాంటి ఓడల్ని తీసే బాధ్యత యజమానిదేనని, అందుకు ముందే బీమా ఉండాలని చెప్పే నైరోబి ఒప్పందంలో మన దేశం 2011లో చేరింది. నా మాట అడిగితే, రివర్ ప్రిన్సెస్‌కు అది పదేళ్లు ఆలస్యం.

'మా' సంగతి కూడా అలాగే సాగింది. బండల మీంచి కదలని ఓడను హోటలుగా మారుస్తామని రాష్ట్ర పర్యాటక శాఖ ప్రకటించింది. పేపర్లో రంగు బొమ్మలు కూడా వచ్చాయి. హోటలు రాలేదు. ఉప్పుగాలికి వదిలేసిన ఇనుము ఎంత తొందరగా తుప్పుపడుతుందో తెలిసిన ఎవరికైనా ఆ పథకం మీద మొదటినుంచీ అనుమానమే ఉంటుంది. ఓడ అంటే ఎప్పుడూ రంగు వేయించుకుంటూ ఉండాల్సిన వస్తువు. సిబ్బంది దిగిపోయిన మర్నాటి నుంచే అది పాడవడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి దాని ముందు నిలబడి ఫొటోలు దిగినవాళ్లకే అది పనికొచ్చింది.

ఆఖరుగా మా కుర్రాళ్లలాంటి వాళ్లకు ఒక మాట. ఇందాకటి సెంటీమీటర్ల లెక్క ఇంటర్ ఎంపీసీ చదివిన ఎవరైనా వేయగలిగిందే. దాన్నే వృత్తిగా నేర్పే నావల్ ఆర్కిటెక్చర్ బీటెక్ కోర్సు విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది. ఆ యూనివర్సిటీ ఏటా జరిపే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. కాలువలూ రేవులూ తవ్వే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమూ విశాఖలోనే. డిగ్రీ వద్దనుకునేవాళ్లకు, నీళ్ల అడుగున ఇనుము కోసి అతికే వెల్డర్లు ఈ పనిలో ఎప్పుడూ కావాలి. దానికి ముందు ఐటీఐలో పొడి నేల మీద వెల్డింగు బాగా రావాలి, ఈత అంతకంటే బాగా రావాలి. ఆ తర్వాత డైవింగ్ శిక్షణ వేరుగా తీసుకోవాలి. సీతంపేట దగ్గర మెట్టుగూడ జలపాతం కింద ఈదడం చాలదు గానీ, మొదలుపెట్టడానికి పనికొస్తుంది.